బలం, ద్రవ్యరాశి, త్వరణం: పిల్లలూ పెద్దలూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదో తరగతి పిల్లలకి చాలా ఏళ్లుగా సాయంత్రం పూట ఇంట్లోనే ఫిజిక్స్ చెబుతున్నాను. గమన నియమాల పాఠం దగ్గరికి వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మానాన్నలు కూడా గుమ్మం దగ్గర నిలబడి ఇవే అడుగుతారు. ఎఫ్ ఈజ్ ఈక్వల్ టు ఎమ్ఏ, అంటే బలం = ద్రవ్యరాశి × త్వరణం అని అందరికీ నోటికి వచ్చు. కానీ తొక్కడం ఆపాక సైకిల్ ఇంకాసేపు ఎందుకు పోతుందో చెప్పమంటే మాత్రం సగం మంది తడుముకుంటారు. అందుకే నేను రోజూ చెప్పే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవాల్సిన పని లేదు గానీ మూడో ప్రశ్నని మాత్రం దయచేసి దాటేయొద్దు, మిగతా తికమకంతా అక్కడి నుంచే పుడుతుంది.

1. త్వరణం అంటే వేగమే కదా?

కాదు. బైక్ మీటర్ చూడండి. ముల్లు ఏ అంకె మీద ఉందో అది వేగం. ఆ ముల్లు ఎంత చురుగ్గా జరుగుతోందో అది త్వరణం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తిన్నగా, నిలకడగా 100 మీద పోతున్న కారుకి త్వరణం సున్నా. అప్పుడే స్టాపులోంచి కదిలిన సిటీ బస్సు గంటకి 10 కిలోమీటర్ల వేగంతో కూడా లేదు, అయినా దానికి త్వరణం ఉంది, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డవాళ్లు వెనక్కి తూలడమే అందుకు సాక్ష్యం.

కొలవడం సులువు. గంటకి 36 కిలోమీటర్లు అంటే సెకనుకి 10 మీటర్లు. ఆగి ఉన్న బండి 5 సెకన్లలో ఆ వేగం అందుకుంటే సెకనుకి 2 మీటర్ల చొప్పున వేగం పెరిగినట్టు, అంటే త్వరణం 2 మీ/సె². బ్రేక్ వేసినా త్వరణమే, కాకపోతే పోతున్న దిశకి ఎదురుగా ఉంటుంది. మలుపు తిరిగినా త్వరణమే, ఎందుకంటే మీటర్‌లో అంకె మారకపోయినా బండి పోయే దిశ మారింది. శ్రీశైలం ఘాట్‌లో ప్రతి మలుపు దగ్గరా పక్కవాళ్ల మీద పడతాం చూశారా, అదే.

2. బలం, ద్రవ్యరాశి రెండూ త్వరణాన్ని ఎలా మారుస్తాయి? సూటిగా చెప్పండి.

త్వరణం = ఫలిత బలం (అన్ని బలాలూ కూడి తీసేశాక మిగిలినది) ÷ ద్రవ్యరాశి. బలం రెట్టింపైతే త్వరణం రెట్టింపవుతుంది. ద్రవ్యరాశి రెట్టింపైతే త్వరణం సగానికి పడిపోతుంది.

బైక్, దాన్ని నడిపే మనిషి కలిసి 180 కిలోలు అనుకోండి. అన్నీ పోగా బండిని ముందుకి నెట్టే బలం 360 న్యూటన్లు (బలాన్ని కొలిచే ప్రమాణం న్యూటన్) అనుకుందాం. 360ని 180తో భాగిస్తే త్వరణం 2 మీ/సె². ఇప్పుడు వెనక 70 కిలోల మనిషి ఎక్కాడు, మొత్తం 250 కిలోలు. యాక్సిలరేటర్ అంతే తిప్పారు, బలం అదే. 360ని 250తో భాగిస్తే 1.44. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడగానే బండి బద్ధకంగా కదిలినట్టు అనిపించేది ఇందుకే. ఇంజన్ అదే, పెట్రోలూ అదే, దాని మీద ఉన్న ద్రవ్యరాశి మాత్రమే మారింది.

3. తోయడం ఆపితే వస్తువు ఆగిపోతుంది కదా? మరి వేగానికి బలం కావాల్సిందేగా?

ఇక్కడే కాసేపు ఆగుదాం. అడిగినవాళ్ల తప్పేమీ లేదు, పుట్టినప్పటి నుంచీ మన కళ్లు మనకి చెప్పేది అదే. తోస్తే కదులుతుంది, వదిలేస్తే ఆగుతుంది. అరిస్టాటిల్ కూడా అలాగే అనుకున్నాడు, ఆ మాట దాదాపు రెండు వేల ఏళ్లు చెలామణిలో ఉంది.

కానీ వదిలేశాక వస్తువు ఆగేది బలం లేకపోవడం వల్ల కాదు, ఇంకో బలం ఉండటం వల్ల. దాని పేరు ఘర్షణ. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లకుండా స్ట్రైకర్ కొట్టండి, కాస్త దూరం పోయి ఆగిపోతుంది. పౌడర్ చల్లి అంతే బలంగా కొట్టండి, అవతలి అంచు తగిలి తిరిగి మీ దగ్గరికే వస్తుంది. మీ వేలి దెబ్బ రెండుసార్లూ ఒకటే, మారింది ఘర్షణ. ఇంకా తగ్గిస్తే ఇంకా దూరం పోతుంది. ఘర్షణ అసలు లేకపోతే? ఆగడానికి కారణమే ఉండదు. గెలీలియో ఏటవాలు బల్లల మీద గుండ్లు దొర్లించి ఈ ఆలోచనకే వచ్చాడు.

క్యారమ్ బోర్డు సరిపోదు అనేవాళ్లకి వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక గురించి చెబుతాను. 1977లో బయలుదేరింది. ఇప్పుడు దాన్ని ముందుకి నెట్టే ఇంజనేదీ నడవడం లేదు, అయినా సెకనుకి సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది. సూర్యుడి ఆకర్షణ వెనక్కి లాగుతున్నా ఆ దూరంలో అది చాలా స్వల్పం.

అందుకే పిల్లలచేత నోట్సు మొదటి పేజీలో రాయించే వాక్యం ఒకటే: బలం వేగాన్ని నిలబెట్టదు, వేగాన్ని మారుస్తుంది. ఈ మాట అర్థమైన పిల్లలకి ఆ పాఠంలో మిగతాది వారంలో అయిపోతుంది. అర్థం కాకుండా సూత్రం బట్టీ పట్టినవాళ్లు ఇంటర్‌కి వెళ్లాక కూడా ఇబ్బంది పడటం చూశాను, అందుకే దీనిమీద ఇంత పట్టుబడతాను.

4. అయితే బైక్ 60 మీద నిలకడగా ఉండాలన్నా యాక్సిలరేటర్ పట్టుకునే ఉండాలి కదా సార్?

ఉండాలి. టైర్ల ఘర్షణ, ఎదురుగాలి రెండూ కలిసి వెనక్కి లాగుతుంటాయి. మీరు పట్టుకున్న యాక్సిలరేటర్ ఆ లాగుడుకి సరిగ్గా సరిపోయేంత బలాన్ని మాత్రమే ఇస్తోంది. ముందుకి ఎంతో వెనక్కీ అంతే, తీసేస్తే మిగిలేది సున్నా, కాబట్టి త్వరణమూ సున్నా, ముల్లు 60 మీదే నిలబడింది. యాక్సిలరేటర్ వదిలితే వెనక్కి లాగేది ఒక్కటే మిగులుతుంది, వేగం తగ్గుతుంది. ఇంకాస్త తిప్పితే ముందుకి కొంత బలం మిగులుతుంది, వేగం పెరుగుతుంది. సూత్రంలో 'బలం' అని ఉన్నచోట ఎప్పుడూ 'ఫలిత బలం' అని చదువుకోండి, అంటే అన్నీ కూడి తీసేశాక మిగిలినది.

వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు కూడా గట్టిగా పెరుగుతుంది. ఏ బండికైనా ఒక టాప్ స్పీడ్ ఉండేది, దాన్ని దాటి ఎంత తిప్పినా ముల్లు కదలనిది ఇందుకే.

5. గోడని ఎంత తోసినా కదలదు. మరి సూత్రం తప్పైనట్టేగా?

లేదు. మీరు తోసినంతే బలంతో పునాది, దానికింద నేల ఎదురు నిలబడుతున్నాయి. ఫలిత బలం సున్నా.

6. ద్రవ్యరాశి, బరువు ఒకటే కదా? రెండూ కిలోల్లోనే చెబుతాంగా?

రైతు బజార్లో కూరగాయలు తూయించుకునేటప్పుడు ఒకటే అనుకోండి, ఏ నష్టమూ లేదు. ఫిజిక్స్‌లో మాత్రం కాదు. భూమి మిమ్మల్ని కిందికి లాగే బలం బరువు, దాన్ని న్యూటన్లలో చెప్పాలి. ద్రవ్యరాశి అంటే మీలో ఉన్న పదార్థం, ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మీ చలనాన్ని ఎవరైనా మార్చబోతే మీరు ఎంత మొండికేస్తారో దాని కొలత. ఆ మొండితనానికే జడత్వం అని పేరు. చంద్రుడి మీద మీ బరువు ఆరో వంతే, ద్రవ్యరాశి ఒక్క గ్రాము కూడా తగ్గదు.

ఇది మాటల్లో చెబితే ఎక్కదు. ఉయ్యాలబల్ల ఉన్న ఇల్లు ఎవరిదైనా ఉంటే అక్కడికి వెళ్లి చూడండి. ఖాళీ బల్లని ఒక వేలితో తోయండి, కదిలిపోతుంది. దాని మీద తాతయ్యనీ, నానమ్మనీ, ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి అదే వేలితో తోయండి. కదలడానికి బతిమాలించుకుంటుంది. ఇక్కడ గమనించాల్సింది, వాళ్ల బరువునంతా మోస్తున్నది గొలుసులు, మీరు కాదు. మీరు ఎవర్నీ పైకి ఎత్తడం లేదు, పక్కకి నెడుతున్నారంతే, నేల మీద ఘర్షణ కూడా లేదు. మరి మీ వేలికి తగిలిన ఆ బరువైన భావన ఏంటి? అదే ద్రవ్యరాశి, బరువు ముసుగు తీసేసిన ద్రవ్యరాశి. నలుగురితో ఊగుతున్న బల్లని ఇప్పుడు ఆపి చూడండి, ఆపడానికి కూడా అంతే కష్టపడాలి.

నాకు ఈ సంగతి చిన్నప్పుడే కాలి మీద పడి తెలిసింది. మా నాన్నగారు ధాన్యం మిల్లులో పనిచేసేవారు, సెలవుల్లో ఆయన వెంట వెళ్లి బస్తాల ట్రాలీ తోయడం నాకు ఆట. కదిలించేటప్పుడు ఒళ్లంతా పెట్టి తోయాలి, ఒకసారి కదిలాక చక్రాల మీద సులువుగా పోయేది కదా, ఇంక బరువే లేదనిపించేది. ఓరోజు గోడ దగ్గర దాన్ని కాలు అడ్డం పెట్టి ఆపబోయాను. బొటనవేలు గోరు ఊడింది, వారం రోజులు చెప్పు వేసుకోలేకపోయాను. సులువుగా పోతున్నంత మాత్రాన ద్రవ్యరాశి ఎక్కడికీ పోలేదు, వేగం మార్చబోయేసరికి మళ్లీ ఎదురు తిరిగింది. పిల్లలకి ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వుతారు, కానీ జడత్వం మాత్రం మర్చిపోరు.

7. ఒక న్యూటన్ అంటే ఎంత? చేతికి తెలిసేలా చెప్పండి.

ఒక కిలో వస్తువుకి 1 మీ/సె² త్వరణం ఇచ్చే బలం. చేతికి తెలియాలంటే 100 గ్రాములకి కాస్త ఎక్కువ తూగే వస్తువేదైనా అరచేతిలో పెట్టుకోండి, రెండు పెద్ద నిమ్మకాయలు చాలు. అవి మీ చేతిని కిందికి నొక్కే బలం దాదాపు ఒక న్యూటన్.

8. గూడ్స్ బండి కదలడానికి అంతసేపు ఎందుకు పడుతుంది? అంత పెద్ద ఇంజన్ ఉంది కదా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. కాజీపేట ప్లాట్‌ఫామ్ మీద ఎప్పుడైనా కాసేపు కూర్చుంటే సింగరేణి బొగ్గుతో నిండిన బండి కదలడం చూడొచ్చు. మొదట గొలుసుకట్టుగా ఒక్కో వ్యాగన్ దగ్గరా చప్పుడు వినబడుతుంది, తర్వాత కదిలిందా లేదా అన్నట్టు కదులుతుంది.

లెక్క వేద్దాం. బొగ్గు నింపిన బాక్స్‌ఎన్ వ్యాగన్ ఒక్కోటి సుమారు 81 టన్నులు. 58 వ్యాగన్లు కడితే 4,700 టన్నులు. ఇంజన్ ఇంకో 130 టన్నులు. మొత్తం 4,830 టన్నులు, అంటే 48 లక్షల కిలోల పైమాట. డబ్ల్యూఏజీ-9 రకం కరెంటు ఇంజన్ కదిలేటప్పుడు సుమారు 500 కిలోన్యూటన్ల బలంతో లాగగలదు, అంటే 5 లక్షల న్యూటన్లు. భాగిస్తే త్వరణం దాదాపు 0.1 మీ/సె². ఆ బలం అలాగే నిలిచి ఉన్నా గంటకి 36 కిలోమీటర్లు అందుకోవడానికి 100 సెకన్లు. అసలు పట్టాల మీద ఇంకా ఎక్కువే పడుతుంది, ఎందుకంటే చక్రాల ఘర్షణని, ఎత్తుపల్లాలని మనం లెక్కలోకి తీసుకోలేదు, పైగా వేగం పెరిగేకొద్దీ ఇంజన్ లాగే బలం తగ్గుతుంది.

అదే బండి బొగ్గు దించేసి ఖాళీగా తిరిగొస్తోంది అనుకోండి. ఖాళీ వ్యాగన్ సుమారు 22.5 టన్నులు. 58 వ్యాగన్లు, ఇంజన్ కలిపి 1,435 టన్నులు అవుతుంది. అదే ఇంజన్, అదే బలం. త్వరణం 0.35, మూడు రెట్లకి పైగా ఎక్కువ, 36 కిలోమీటర్ల వేగానికి అర నిమిషం కూడా పట్టదు. ఒకే ఇంజన్ వెళ్లేటప్పుడు ముసలి ఎద్దులా, వచ్చేటప్పుడు కోడెదూడలా ఉండటానికి కారణం ద్రవ్యరాశి ఒక్కటే.

9. లోడు లారీకి బ్రేక్ త్వరగా పడదంటారు. నిజమేనా?

నిజమే గానీ కారణం చాలామంది అనుకునేంత సూటిగా ఉండదు, అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

ద్రవ్యరాశి పెరిగితే ఆపడానికి బలం ఎక్కువ కావాలి, ఇంతవరకూ సూత్రమే. కానీ బరువు పెరిగితే టైర్లు రోడ్డుని నొక్కే బలం కూడా పెరుగుతుంది, దాంతో రోడ్డు ఇవ్వగల ఘర్షణ కూడా పెరుగుతుంది. ద్రవ్యరాశి రెట్టింపు, ఘర్షణ రెట్టింపు, భాగిస్తే తేడా ఏమీ ఉండదు. ఆ లెక్కన నిండు లారీ, ఖాళీ లారీ ఒకే దూరంలో ఆగాలి. మరి ఎందుకు ఆగదు? ఎందుకంటే రోడ్డు ఇవ్వగలిగినా, ఆ బలాన్ని చక్రం మీద పెట్టాల్సింది బ్రేకులు. వాటికి ఒక పరిమితి ఉంది. కంపెనీ చెప్పిన లోడు వరకూ అవి సరిపోయేలా తయారవుతాయి, దాన్ని మించి ఇసుకో కంకరో పోస్తే బ్రేకులు ఇచ్చే బలం అక్కడే ఆగిపోతుంది, ద్రవ్యరాశి మాత్రం పెరిగిపోతుంది. అప్పుడు భాగహారం ఫలితం పడిపోతుంది. దానికి తోడు ఘాట్ దిగేటప్పుడు ఎక్కువసేపు తొక్కిన బ్రేకులు కాగిపోయి పట్టు కూడా తగ్గుతుంది. లారీ డ్రైవర్లు ఘాట్‌లో చిన్న గేరులో పెట్టి దింపేది ఇందుకే, బ్రేకు చేయాల్సిన పనిలో కొంత ఇంజన్ మీద వేస్తారు.

ఓవర్‌లోడ్ ఆటోలో పిల్లల్ని స్కూలుకి పంపేవాళ్లు ఈ జవాబు రెండుసార్లు చదవాలని నా కోరిక. నలుగురు కూర్చోవాల్సిన చోట పదిమంది కూర్చుంటే ఆటో నిదానంగా పోతుంది అనే ఒక్కటే కాదు, ఆగాల్సినప్పుడు ఆగదు.

10. బరువైన వస్తువు మీద భూమి ఎక్కువ బలంతో లాగుతుంది కదా. మరి అదే ముందు పడాలి కదా?

చాలా మంచి ప్రశ్న, ఇది అడిగిన పిల్లలు సగం జవాబు వాళ్లే చెప్పేశారన్నమాట. అవును, ఎక్కువ బలంతోనే లాగుతుంది. కిలో రాయిని 9.8 న్యూటన్లతో, పది కిలోల రాయిని 98 న్యూటన్లతో. కానీ పది కిలోల రాయి కదలడానికి పది రెట్లు మొండికేస్తుంది కూడా. 9.8ని 1తో భాగించండి, 98ని 10తో భాగించండి. రెండూ 9.8 మీ/సె². లాగుడు పెరిగినంతే మొండితనం పెరిగింది, అందుకే రెండూ కలిసి పడతాయి.

ఆకు మెల్లగా పడుతుందిగా అంటారు. అది గాలి పని. పుస్తకం, కాగితం విడివిడిగా వదలండి, కాగితం వెనకబడుతుంది. ఇప్పుడు ఆ కాగితాన్ని పుస్తకం కన్నా కొంచెం చిన్నగా చింపి పుస్తకం మీదే పెట్టి వదలండి, రెండూ కలిసే కింద పడతాయి. అపోలో 15లో వెళ్లిన వ్యోమగామి డేవిడ్ స్కాట్ 1971 ఆగస్టు 2న చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలాడు. సుత్తి 1.3 కిలోలు, ఈక 30 గ్రాములు. గాలి లేదు కాబట్టి రెండూ ఒకేసారి నేలని తాకాయి. ఆ వీడియో పిల్లలకి తప్పకుండా చూపించండి.

11. శ్రీహరికోటలో రాకెట్ లేవడం చూశాం. మొదట మెల్లగా లేచి తర్వాత అంత వేగం ఎలా అందుకుంటుంది?

ఈ ఒక్క ప్రశ్నలో పాఠం మొత్తం ఉంది. 2023 జులై 14న చంద్రయాన్-3ని తీసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్‌నే తీసుకుందాం. నేల మీద దాని ద్రవ్యరాశి సుమారు 640 టన్నులు. అంటే భూమి దాన్ని కిందికి లాగే బలం సుమారు 6,270 కిలోన్యూటన్లు. మొదట మండేది రెండు పక్కలా ఉన్న ఎస్200 బూస్టర్లు, గరిష్ఠ స్థాయిలో ఒక్కోటి 5,000 కిలోన్యూటన్ల పైన ఇస్తుంది. రెండూ కలిపి 10,000 అనుకుందాం.

చాలామంది పిల్లలు 10,000ని 640తో భాగించి 15.6 అని రాసేస్తారు. తప్పు. రాకెట్ ముందు తన బరువుని తాను మోసుకోవాలి. 10,000లోంచి 6,270 తీసేస్తే పైకి మిగిలేది 3,730. దాన్ని 640తో భాగిస్తే 5.8 మీ/సె². మొదటి క్షణంలోనే బూస్టర్లు గరిష్ఠ బలం ఇవ్వవు కాబట్టి లేచేటప్పుడు త్వరణం ఇంతకన్నా తక్కువే. అంటే ఒక మంచి కారు కదిలినట్టు కదులుతుంది, అంతే. మనకి మెల్లగా లేచినట్టు కనబడేది అందుకే.

తర్వాత జరిగేది చూడండి. ఒక్కో బూస్టర్‌లో 205 టన్నుల దాకా ఇంధనం ఉంటుంది, అదంతా రెండు నిమిషాల చిల్లరలో కాలిపోతుంది. అంటే 640 టన్నుల్లో 400 టన్నుల పైగా పొగై వెనక్కి పోయింది. భాగహారంలో కింద ఉన్న అంకె సెకను సెకనుకీ కరిగిపోతోంది, కాబట్టి అదే బలానికి త్వరణం పెరుగుతూ పోతుంది. కాలిపోయిన బూస్టర్ల ఖాళీ డొల్లల్ని మోసుకుపోవడం దండగ కాబట్టి వాటిని వదిలేస్తారు. దశలు దశలుగా రాకెట్ కట్టడంలో ఉన్న కిటుకు అదే, పనైపోయిన ద్రవ్యరాశిని వదిలించుకోవడం.

ద్రవ్యరాశి మారిపోతుంటే సూత్రం పనికొస్తుందా అని ఒక అమ్మాయి అడిగింది. వస్తుంది, ఆ క్షణంలో ఎంత థ్రస్ట్ (రాకెట్‌ని పైకి నెట్టే బలం) ఉందో, ఎంత బరువుందో, ఎంత ద్రవ్యరాశి మిగిలిందో తీసుకుని ఏ క్షణానికి ఆ క్షణం లెక్క వేసుకోవాలి.

12. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. క్రికెట్ బంతి సుమారు 160 గ్రాములు. సెకనుకి 30 మీటర్ల వేగంతో వచ్చిన బంతిని సెకనులో వందో వంతు కాలంలో ఆపేశారనుకోండి, అంటే చేతులు బిగబట్టి పట్టుకున్నారు. త్వరణం 3,000 మీ/సె², బలం 480 న్యూటన్లు. దాదాపు 49 కిలోల బస్తా అరచేతుల మీద పడినట్టు. అదే చేతుల్ని వెనక్కి లాక్కుంటూ పదో వంతు సెకను తీసుకుంటే బలం 48 న్యూటన్లు, ఐదు కిలోల సంచి మోసినట్టు. ద్రవ్యరాశి మారలేదు, వేగంలో మార్పూ అదే, ఆ మార్పుకి ఇచ్చిన సమయం పెరిగింది.

న్యూటన్ 1687లో లాటిన్‌లో రాసిన పుస్తకంలో రెండో నియమం నిజానికి ఈ రూపానికే దగ్గరగా ఉంటుంది. చలనంలో వచ్చే మార్పు ప్రయోగించిన బలానికి అనుపాతంలో ఉంటుందని చెప్పాడు. మనం స్కూల్లో రాసే సమీకరణం రూపంలోకి దాన్ని తెచ్చింది ఆ తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ లాంటి గణితవేత్తలు.

13. లిఫ్ట్‌లో పైకి వెళ్లేటప్పుడు ఒళ్లు బరువెక్కినట్టు ఎందుకుంటుంది?

లిఫ్ట్ పైకి కదలడం మొదలుపెట్టినప్పుడు మిమ్మల్ని కూడా పైకి త్వరణంతో తీసుకెళ్లాలి, అందుకని నేల మీ పాదాల్ని మీ బరువుకన్నా ఎక్కువ బలంతో తోస్తుంది. బరువు మిషన్ లిఫ్ట్‌లో పెట్టి నిలబడితే 60 కిలోల మనిషికి, త్వరణం 1 మీ/సె² ఉన్నప్పుడు, 66 కిలోలు చూపిస్తుంది. మధ్యలో లిఫ్ట్ నిలకడగా పోతున్నప్పుడు మళ్లీ 60. పై అంతస్తు దగ్గర ఆగబోతూ వేగం తగ్గేటప్పుడు 54. ఇంట్లో మిషన్ ఉంటే ఒకసారి చేసి చూడండి, ముల్లున్న పాత రకం మిషనైతే బాగా తెలుస్తుంది.

14. ప్రాక్టికల్‌లో ట్రాలీ ప్రయోగం చేస్తే గ్రాఫ్ తిన్నగా రావడం లేదు. ఎక్కడ తప్పు?

ట్రాలీకి దారం కట్టి, బల్ల అంచున కప్పీ మీదుగా వేసి, చివర తూనిక రాళ్లు వేలాడదీస్తారు కదా. బలం పెంచాలంటే ఇంకో రాయి తగిలిస్తారు. అక్కడే తప్పు జరుగుతుంది. వేలాడే రాయి ట్రాలీని లాగడమే కాదు, తాను కూడా ట్రాలీతో పాటే త్వరణంతో కదులుతుంది. కొత్త రాయి తెచ్చి తగిలించినప్పుడల్లా బలంతో పాటు కదిలే మొత్తం ద్రవ్యరాశీ పెరిగిపోతుంది.

400 గ్రాముల ట్రాలీకి 20 గ్రాములు వేలాడదీస్తే, ఘర్షణ లేదనుకుంటే, త్వరణం 0.47 మీ/సె². 100 గ్రాములు వేలాడదీస్తే బలం ఐదు రెట్లు, కాబట్టి 2.33 రావాలి అనుకుంటాం. వచ్చేది 1.96. పిల్లలు కంగారుపడి అంకెలు దిద్దేస్తారు, దయచేసి దిద్దొద్దు. సరైన పద్ధతి ఏంటంటే, 20 గ్రాముల రాళ్లు ఐదూ ముందే ట్రాలీలో పెట్టుకోండి, ఒక్కోటి అందులోంచి తీసి దారానికి తగిలించండి. మొత్తం ఎప్పుడూ 500 గ్రాములే. అప్పుడు 0.39, 0.78, 1.18 అంటూ బలానికి తగ్గట్టే పెరుగుతుంది, గీత తిన్నగా వస్తుంది.

గీత తిన్నగా వచ్చి కూడా సున్నా దగ్గర మొదలవకుండా, కొంత బలం దాటాకే మొదలైతే అది ఘర్షణ. బల్లని ఒకవైపు కాస్త ఎత్తండి, ఉత్తి ట్రాలీని చిన్నగా తోస్తే వేగం పెరగకుండా తగ్గకుండా పోయేంత వాలు చాలు. ఇక ద్రవ్యరాశి ప్రభావం చూసేటప్పుడు త్వరణానికీ ద్రవ్యరాశికీ గ్రాఫ్ గీస్తే వంపు వస్తుంది, అది తప్పు కాదు. 1ని ద్రవ్యరాశితో భాగించి వచ్చిన అంకెతో గీస్తే తిన్నగా వస్తుంది. సమయం కొలవడానికి స్టాప్‌వాచ్ కన్నా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో మేలు, ఒక మీటరు దూరం రెండు సెకన్లలోపే అయిపోతుంటే వేలు అంత కచ్చితంగా నొక్కలేదు.

15. పరీక్షలో ఈ లెక్కల్లో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ఎక్కువగా మూడు చోట్ల. గ్రాముల్ని కిలోల్లోకి మార్చరు, గంటకి కిలోమీటర్లని సెకనుకి మీటర్లలోకి మార్చరు, ఘర్షణ ఇచ్చినా దాన్ని తీసేయకుండా మొత్తం బలాన్నే భాగిస్తారు. ముందు చిన్న బొమ్మ గీసి ఏ బలం ఎటు ఉందో బాణాలు వేసుకోండి, అర నిమిషం పని.

16. అంతరిక్ష కేంద్రంలో బరువు తెలియదు కదా, మరి అక్కడ వ్యోమగాముల్ని ఎలా తూస్తారు?

తూచలేరు. బరువు మిషన్ మీద నిలబడటానికి పాదం దాన్ని నొక్కాలి, అక్కడ మనిషీ మిషనూ రెండూ తేలుతుంటాయి. కానీ నెలల తరబడి అక్కడుండే వాళ్ల కండలు కరుగుతున్నాయా, సరిగ్గా తింటున్నారా అని డాక్టర్లకి తెలియాలి, కాబట్టి ద్రవ్యరాశి కొలవాల్సిందే.

1973లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రంలో ఒక కుర్చీకి స్ప్రింగు కట్టి అందులో మనిషిని కూర్చోబెట్టి ఊపేవారు. ద్రవ్యరాశి ఎక్కువున్న మనిషి మెల్లగా ఊగుతాడు, తక్కువున్న మనిషి త్వరగా ఊగుతాడు, ఒక ఊపుకి పట్టిన సమయాన్ని బట్టి లెక్క కట్టేవారు. మన ఉయ్యాలబల్ల దగ్గర వేలికి తెలిసిన తేడానే వాళ్లు గడియారంతో కొలిచారన్నమాట.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న పరికరం ఇంకా సూటిగా పనిచేస్తుంది. వ్యోమగామి ఒక చట్రాన్ని కరుచుకుని ఉంటే, ముందే తెలిసిన బలంతో ఒక స్ప్రింగు దాన్ని లాగుతుంది. మనిషి ఎంత త్వరణంతో కదిలాడో పరికరం కొలుస్తుంది. బలం తెలుసు, త్వరణం తెలిసింది, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ద్రవ్యరాశి. ఉదాహరణకి 35 న్యూటన్లతో లాగితే 0.5 మీ/సె² త్వరణం వచ్చిందనుకోండి, ఆ మనిషి 70 కిలోలు.